వాసన చూడని ఉన్ని కట్టు

పోయిన నెలలో మా బాబాయి కొడుకు నరసరావుపేట నుంచి కారు వేసుకుని మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, నా మోకాళ్ల నొప్పుల గురించి ఎంతో ఆప్యాయంగా అడిగి, వెళ్లేటప్పుడు ఒక కంబళి నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో మడిచి పెట్టిన ఆ కంబళిని అతను పోయాక తీరిగ్గా బయటికి తీస్తే, అంచున దారంతో వేలాడుతున్న అట్టముక్క మీద మా పెద్దమ్మ ముఖం అచ్చేసి ఉంది. నా పెళ్లిలో తీసిన ఫోటోలోంచి ఆమెను ఒక్కదాన్నే కత్తిరించి, చుట్టూ ఆకుల తీగ గీయించి, కింద ‘అసలైన పల్నాటి ఉన్ని, అమ్మ చేతి నమ్మకం’ అని రాయించారు. నాకు అప్పుడు కలిగింది కోపం కాదు, అన్నంలో పురుగు కనబడితే కలిగే రోత. కోపమైతే కాసేపటికి దిగిపోయేది. ఈ రోత మాత్రం నెల రోజులైనా నా గొంతులోనే ఉండిపోయింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

కంబళి మెత్తగా ఉన్న మాట నిజమే. తల మీదుగా లాక్కుంటే మాత్రం ఉన్న నాలుగు నెరిసిన వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి, చెవి దగ్గర చిటపటమని చప్పుడైంది. వంటింట్లోకి వెళ్లి ఒక పోగు లాగి స్టవ్ మంటకు చూపించాను. మండలేదు, కరిగింది. కరిగి నల్ల పూసలాగా గడ్డకట్టి, ప్లాస్టిక్ బకెట్టు కాలిన కంపు ఇల్లంతా నింపింది. గొర్రె ఉన్ని కాలితే తలవెంట్రుక కాలిన వాసన వస్తుంది, ఆ మసిని వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. మా వయసు వాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక తమ్ముడు అసలు వచ్చిన పని ఏమిటంటే, పేటలో కొత్తగా పెట్టిన షోరూములో శని, ఆదివారాలు నేను వెళ్లి ఒక మూల పీట మీద కూర్చుని కదురు తిప్పి ఉన్ని వడుకుతూ ఉండాలట. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటారట. ఆలోచించుకుని చెబుతానన్నాను. అట్టముక్క అప్పటికి చూడలేదు మరి.

మాది జీవాల ఇల్లు. మా వైపు గొర్రెల్నీ మేకల్నీ కలిపి జీవాలనే అంటాం. మా ప్రాంతంలో ఎక్కువగా కనబడే గొర్రె పొడుగు కాళ్లది, ఒంటి మీద పొట్టి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు, మాంసానికి పెంచేది. ఉన్ని గొర్రె వేరు. అది పొట్టిగా, నల్లగా, మొహం మీదికి బొచ్చు పడుతూ ఉంటుంది. కృష్ణ అవతలి ఒడ్డు నుంచి మా తాతల కాలంలో తోలుకొచ్చిన మందలు అవి. మా నాన్న, పెద్దనాన్న, బాబాయి ముగ్గురికీ ఆ నల్ల మందే జీవనం. నాన్న, పెద్దనాన్న త్వరగా పోయారు. బాబాయి మందను పంచుకుని గురజాల రోడ్డు వైపు విడిగా దొడ్డి కట్టుకున్నాడు. నన్ను ఊళ్లోనే, లారీ తోలే అతనికి ఇచ్చారు. పెద్దమ్మా నేనూ పొద్దున్నే అన్నం మూటలు కట్టుకుని మాచర్ల శివారులో ఉన్ని సొసైటీ వాళ్లు వేసిన రేకుల షెడ్డులోకి పనికి పోయేవాళ్లం.

ఆ షెడ్డును ఇప్పుడు తలచుకుంటే మొదట నాకు గుర్తొచ్చేది వాసనే. ఎండకు కాగిన రేకులు, నానబెట్టిన కుంకుడుకాయలు, మగ్గం మీది పడుగు పోగులకు పట్టించడానికి ఉడుకుతున్న చింతగింజల గంజి, వాటన్నిటి కింద జీవం ఒంటి జిడ్డు వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, నాలుగు రోజులు పోతే ఆ వాసన లేని చోట వాళ్లకే తోచేది కాదు. కాలువలో జీవాల్ని కడిగి, ఒళ్లు ఆరాక కత్తెర వేసి తెచ్చిన ఉన్నిని మేం నేల మీద పరిచి, వీపు ఉన్ని ఒక పక్క, పొట్ట ఉన్ని ఒక పక్క వేరుచేసి, పల్లేరు కాయలూ పెంటికలూ ఏరేసి, కుంకుడు రసంలో పిసక్కుండా ముంచి తీసి, నాపరాళ్ల మీద ఆరబెట్టేవాళ్లం. పిసికితే, వేడినీళ్లు తగిలితే, ఉన్ని ముద్దకట్టి కూర్చుంటుంది, మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ జిడ్డులో రోజంతా నానడం వల్ల షెడ్డు ఆడవాళ్ల అరచేతులు వెన్న రాసుకున్నట్టు మెత్తగా ఉండేవి. పెద్దమ్మ నా తల దువ్వుతుంటే ఆ చేతుల మెత్తదనానికి నిద్ర ముంచుకొచ్చేది. చేసేది మోటు పని, చేతులు మాత్రం జమీందారిణివి అని ఆమెను అందరూ ఆటపట్టించేవాళ్లు.

షెడ్డులోకి ఏ ఉన్ని రావాలో, ఏది వెనక్కి పోవాలో చెప్పేది పెద్దమ్మే. మేనేజర్లు మారేవాళ్లు, ఆమె మారలేదు. అయితే ఇక్కడ మా వాళ్ల మర్యాద ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రతి మంద యజమానీ తన ఉన్నిని తన జీవాల ఉన్నితోనే పేనిన తాడుతో కట్టి తెస్తాడు. ఆ తాడుకు వేసే ముడి ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. దూరం నుంచి ముడి చూసి, ఇది ఫలానా వాళ్ల కట్టు అని చెప్పేసేవాళ్లం. బజారు నుంచి, సంత నుంచి వచ్చిన ఉన్నిని విప్పి, దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్లం. తెలిసిన ముడితో వచ్చిన కట్టును మాత్రం విప్పి, తీసి, పనిలోకి వేసుకోవడమే. దాన్ని వాసన చూడటమంటే ఆ మనిషి మొహం మీద ఊసినట్టే. నీ మందలో రోగముందా, చచ్చినదాని ఉన్ని కలిపావా అని నలుగురిలో అడిగినట్టే. ఈ మర్యాద ఎంత గట్టిదంటే, జలుబు చేసినవాళ్లు కూడా తెలిసిన కట్టు దగ్గర ముక్కు ఎగబీల్చేవాళ్లు కాదు, పక్కకు పోయి ఎగబీల్చి వచ్చేవాళ్లు. ఇప్పుడు చెబితే నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు రాదు.

ఒక ఏడు సొసైటీకి మంచి ఆర్డరు వచ్చింది. జిల్లాలోని పిల్లల హాస్టళ్లకు చలికాలానికి కంబళ్లు ఇవ్వాలి. అప్పటిదాకా మా నేత కాపరుల భుజాల మీదికీ, పెళ్లిళ్లలో పీటల కిందికీ తప్ప పోయింది లేదు. హాస్టళ్లకు నచ్చితే ఏటా మాకే ఇస్తారని, షెడ్డు పక్కన ఇంకో షెడ్డు వేస్తారని, ఆడవాళ్లందరినీ పర్మినెంటు చేస్తారని మేనేజరు చెప్పాడు. పెద్దమ్మకు పర్మినెంటు మీద అంత ఆశ లేదు. ఆమె సంబరమల్లా వేరు. పిల్లలు కప్పుకుంటారంట అని అందరికీ చెప్పుకునేది. ఆమెకు పిల్లలు లేరు. పొట్ట ఉన్ని గుచ్చుకుంటుందని, పిల్లల కంబళ్లలోకి వీపు ఉన్నే పోవాలని పట్టుబట్టింది. దాంతో ఉన్ని చాలలేదు. ఇంకా కావాలని కాపరులందరికీ కబురు పెట్టారు. అప్పుడు మా బాబాయి, నా మంద ఉండగా మీకు కొరతేంది వదినా అని, బండి నిండా కట్లు వేసుకుని వచ్చాడు. ప్రతి కట్టుకూ మా ఇంటి ముడి, రెండు మెలికలు తిప్పి లోపలికి దోపిన ముడి.

నాకప్పుడు మూడో నెల. బాబాయి కట్లు విప్పిన రోజు నేను పక్కనే పల్లేరు కాయలు ఏరుతున్నాను. తాడు లాగేసరికి గుప్పున కొట్టింది ఒక కంపు. కుళ్లిన కోడిగుడ్డూ తడి సున్నమూ కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది, నాలుక మీద కూడా తగిలింది. పరుగెత్తుకుంటూ గోడ అవతలికి పోయి, పొద్దున తిన్నదంతా కక్కేశాను. వెనకే ఆడవాళ్లు ఘొల్లుమని నవ్వారు. వేవిళ్ల మనిషి జీవాల ఉన్నికి కక్కుకోవడం మా షెడ్డులో పరిపాటే. ఒకామె, ‘ఏమే, లోపలున్నోడు మగపిల్లోడే, ఇప్పటి నుంచే మందకాడికి పోనని మారాం చేస్తన్నాడు!’ అంది. పెద్దమ్మ చింతచిగురు ఇచ్చి నోట్లో వేసుకోమంది. ఆరుబయట తుంపర పడుతోంది, మిగతావాళ్లంతా గంజి పొగలో, పొయ్యి పక్కన ఉన్నారు, వాళ్ల ముక్కులకు అది అంతగా తగల్లేదు. నేను కూడా అది నా కడుపు చేస్తున్న అల్లరే అనుకున్నాను. అన్నం వాసనే పడని రోజులవి.

అయినా మర్నాడు, ఆ మర్నాడు కూడా బాబాయి కట్ల దగ్గరికి పోతేనే వాంతి, సంత ఉన్ని దగ్గర ఏమీ లేదు. ఇదేదో తేడాగా ఉందనిపించి పెద్దమ్మతో చెప్పాను, నువ్వొకసారి ముక్కు పెట్టి చూడు అన్నాను. ఆ మాట ఆమె ఇష్టంగా వినలేదు, కానీ నన్ను కొట్టిపారేయనూ లేదు. విప్పని కట్టు దగ్గరికి వెళ్లి, కొంగు సర్దుకుని, మెల్లగా వంగింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బాబాయి నిలబడ్డాడు.

‘ఏంది వదినా, నా కట్టుకే ముక్కు పెడతన్నావా? నీ మరిది అంత కానోడైపోయాడా నీకు?’

షెడ్డులో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. బాబాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజంగానే తిరిగాయి, నేను చూశాను. అన్న పోయాక నిన్ను తల్లి లెక్కన చూసుకున్నాను, ఇంతమందిలో నన్ను దొంగను చేశావు, ఇంకా ఈ ఊళ్లో నేను తలెత్తుకుని తిరగాలా అంటూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పెద్దమ్మ నడుము నిటారుగా అయింది. ఆమె మొహం కందగడ్డలా ఎర్రబడింది. ‘వేవిళ్ల పిల్ల ఏందో అంటే వొంగాను లే మరిదీ, నా బుద్ధి గడ్డి తిన్నది’ అని, తానే ఆ కట్టు ముడి విప్పి, ఉన్ని తీసి, తలైనా దించకుండా కుంకుడు నీళ్లలో వేసింది. నా జీవితంలో నేను చూసిన అన్ని అసహ్యాల్లోకీ అసహ్యమైనది ఆ తువ్వాలు. తప్పు చేయని మనిషి రోషపడటం నేను చాలాసార్లు చూశాను. తప్పు చేసినవాడు అదే రోషాన్ని అరువు తెచ్చుకుని, కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకుని, ఒక మంచి మర్యాద వెనక నక్కడం మాత్రం అదే మొదలు.

నీళ్లలో లేచిన కంపును కుంకుడు ఘాటు, గంజి పొగ కప్పేశాయి, కంబళ్లు పోయాయి. లారీకి పసుపు కుంకుమ పెట్టి మరీ పంపారు. ఎండలున్నన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు, పొడిగా ఉంటే ఆ కంపు ముడుచుకుని పడుంటుంది. ముసురు పట్టిన వారంలోనే లారీ తిరిగొచ్చింది. ముందు సీట్లో హాస్టలు వార్డెను, ముక్కుకు రుమాలు కట్టుకుని ఉన్నాడు. వెనక తడి కంబళ్ల గుట్ట. టార్పాలిన్ పట్టా తీయగానే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూసేంత కంపు. పిల్లలు కప్పుకుని పడుకుంటే కక్కుకున్నారట, కొందరికి మెడల మీద దద్దుర్లు లేచాయట. చచ్చిన గొర్రెను కప్పినట్టుందని ఒక చిన్నపిల్ల అందట. వార్డెను ఆ మాట చెబుతుంటే పెద్దమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజమని మాకు తర్వాత తెలిసింది. తోళ్ల మండీల్లో కోసిన గొర్రె చర్మానికి సున్నమూ మందూ పూసి, నానబెట్టి, ఊడబెరికిన ఉన్ని ఉంటుంది. కత్తెర ఉన్నితో పోలిస్తే దానికి విలువ లేదు, ప్రాణం లేదు. ఎంత కడిగినా లోపలి కంపు చావదు, తడి తగలగానే లేస్తుంది.

మేనేజరు తనను తాను కాపాడుకోవడానికి క్షణం పట్టలేదు. ఆడవాళ్లు సరిగ్గా కడగలేదు సార్, వీళ్లకు శుభ్రం తక్కువ అని వార్డెనుతో అనేశాడు. బాబాయి అక్కడే ఉన్నాడు. అవునండీ అన్నట్టు తల ఊపాడు. పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే తలెత్తి, ‘మరిదీ, నీ మందలో నల్ల జీవాలు ఎన్ని ఉండయి ఇప్పుడు?’ అని అడిగింది. గొంతు పెద్దది చేయలేదు. బాబాయి విననట్టు మేనేజరుతో ఏదో మాట్లాడుతూ బయటికి నడిచాడు. కట్లన్నీ వాడేశాం, చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని గురజాల రోడ్డు వైపు బాబాయి దొడ్డికి నడిచింది. ముళ్లకంచె అవతల మంద నిండుగా ఉంది. అన్నీ పొడుగు కాళ్ల గొర్రెలు, తెల్లవీ గోధుమరంగువీ, నున్నటి ఒళ్లవి. వాటి మీద కత్తెర వేస్తే దోసెడు బొచ్చు కూడా రాలదు. నల్లది ఒక్కటి లేదు. మాంసానికి గిరాకీ ఉందని ఎప్పుడో అమ్మేసి మందను మార్చుకున్నాడు. మార్చుకున్నందుకు అతన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు, ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. తోళ్ల మండీ సరుకును పాత తాళ్లతో కట్టి, మా తాతల ముడి వేసి తెచ్చాడు, అదీ విషయం. పెద్దమ్మ కంచె పట్టుకుని నిలబడింది, ముల్లు గుచ్చుకుని రక్తం వస్తున్నా తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒకే మాట అంది. ‘నీ కడుపులో బిడ్డకు తెలిసింది, నాకు తెలవలా.’

ఆమె ఈ సంగతి సొసైటీ పెద్దలకు చెప్పకపోలేదు. చెప్పింది. జీవాలు అమ్ముకుంటే అతనిష్టం, దానికీ కంబళ్లకీ సంబంధమేంది అన్నారు, కుటుంబం గొడవలు షెడ్డులోకి తేవద్దన్నారు. ఆడవాళ్లు కడగలేదన్న మాట అప్పటికే ఊరంతా తిరిగి, అందరికీ ఒప్పుగా కుదిరిపోయింది. ఆర్డరు పోయింది, ఆ వేసవికి షెడ్డుకు తాళం పడింది. రేకులు ఎవరో ఊడదీసుకుపోయారు, నాపరాళ్లు ఎవరింటి గుమ్మాల ముందుకో చేరాయి. పెద్దమ్మ మిగతా ఆడవాళ్లతో కలిసి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయింది. ఉన్ని జిడ్డుతో మెత్తబడిన ఆ అరచేతులు మిరప ఘాటుకు మండిపోతుంటే, పెరుగులో చేతులు పెట్టుకుని మా అరుగు మీద కూర్చునేది. చలికాలంలో కూడా గొంగళి కప్పుకునేది కాదు, పాత దుప్పటి రెండు మడతలు వేసుకుని ముడుచుకునేది. మా ఇళ్లల్లో పుట్టిన బిడ్డను మొదట నల్ల గొంగళి ముక్క మీద పడుకోబెట్టడం ఆనవాయితీ, ఆ ముక్క తేవలసింది ఇంటి పెద్ద ఆడమనిషి. నా కూతురు పుట్టినప్పుడు ఆమె ఉత్త చేతులతో వచ్చి, తన కట్టుచీర చెంగు పరిచి దాని మీద పడుకోబెట్టింది. ‘కడగడం రాని చెయ్యి’ అన్న మాట మోస్తూనే ఆమె పోయింది.

బాబాయి మాత్రం బాగుపడ్డాడు. మొదట మండీ ఉన్ని వ్యాపారం, తర్వాత ఉత్తరాది నుంచి కంబళ్ల లోడ్లు తెప్పించడం, ఆ తర్వాత సన్మానాల శాలువాలు. రెండేళ్ల కిందట పోయాడు. ఊళ్లో ఫ్లెక్సీలు కట్టారు.

ఇప్పుడు మళ్లీ అట్టముక్క దగ్గరికొస్తాను. దాన్ని తీసేయమని చెప్పడానికి నేను పేటకు బస్సులో వెళ్లాను. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూము, లోపల ఏసీ, అగరొత్తుల వాసన. అరల నిండా కంబళ్లు, ప్రతిదానికీ పెద్దమ్మ ముఖం వేలాడుతోంది. ఎటు చూసినా ఆమే. క్యాష్ కౌంటరు పైన గోడకు రెండు పెద్ద ఫోటోలు, ఒకే రకం ఫ్రేము, ఒకే రకం ప్లాస్టిక్ పూలదండ. ఒకటి బాబాయిది, పక్కన పెద్దమ్మది. ఆ రెండు ముఖాలూ అలా జంటగా నవ్వుతుంటే, అప్పటి వాంతి మళ్లీ నా గొంతులోకి వచ్చింది, ఈసారి నా కడుపులో ఎవరూ లేరు.

తమ్ముడు ఎదురొచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్లాడు. మూలన గడ్డి చాప పరిచి, పీట వేసి, నున్నగా వార్నీషు పూసిన కదురు పెట్టి ఉంచాడు. సరే, ముందు ఉన్ని ఇవ్వు, తిప్పి చూస్తాను అన్నాను. షాపులోని అమ్మాయి ఎక్కడికో పోయి వెతికి, కాసేపటికి గులాబీ రంగు నైలాను దారపు ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది. దీన్ని విప్పుతూ మళ్లీ చుట్టండమ్మా, ఫోటోలో తెలవదు అంది. అంత పెద్ద ఉన్ని షోరూములో పిడికెడు ఉన్ని లేదు. ఆ పిల్ల పుట్టాక ఉన్నిని ఎప్పుడూ చూసి ఉండదు.

తమ్ముణ్ణి పక్కకు పిలిచి, పెద్దమ్మ బొమ్మ తీసేయమన్నాను. షెడ్డు సంగతి, వాళ్ల నాన్న కట్ల సంగతి అంతా చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు, ఆ కథ అతనికి తెలుసు. నాన్న చెప్పాడులే అక్కా, అప్పట్లో అందరూ అట్టనే చేశారు అన్నాడు. ఉన్ని అంటే గుచ్చుకుంటదని ఎవరూ కొనడంలేదు, జనానికి పేరు ఉన్నిది కావాలి, మెత్తన ఇంకోదానిది కావాలి, నేనేం చెయ్యను అన్నాడు. అందులో అబద్ధం లేదని నేనూ ఒప్పుకుంటాను. అలాగైతే మీ నాన్న ముఖమే వేసుకోరా అన్నాను.

అతను నవ్వేశాడు. ‘నాన్న మొహానికి కంబళ్లు అమ్ముడుబోవక్కా. పెద్దమ్మ మొహం చూస్తే ఎవరూ విప్పి చూడరు.’

ఆ మాట వాడికి మామూలు మాట. వాళ్ల నాన్నకు మా తాతల ముడి ఎందుకు పనికొచ్చిందో, వీడికి పెద్దమ్మ ముఖం అందుకే పనికొస్తోంది. స్టూలు తెప్పించుకుని, ఎక్కి, ఎవరేమనుకుంటారో చూసుకోకుండా ఆమె ఫోటోను గోడ నుంచి దింపి చంకలో పెట్టుకున్నాను. నన్ను ఎవరూ ఆపలేదు. తమ్ముడు నొచ్చుకోను కూడా లేదు, జాగ్రత్తక్కా అద్దం పగిలిద్ది, నేను ఇంకోటి తీయిస్తాలే అన్నాడు, బస్టాండు దాకా కారు పంపిస్తానన్నాడు. బస్సులోనే వచ్చాను. దండ మాత్రం తీసి కిటికీలోంచి పారేశాను.

మర్నాడు పొద్దున సాగరు కాలువ కట్ట మీద నడకకు వెళ్లాను. రేవు దగ్గర, ఒకప్పుడు మేం జీవాల్ని కడిగిన చోటే, వాలులో నల్లటి గుట్ట, ఈగలు, కుక్కలు. దగ్గరికి వెళితే ఉన్ని. కత్తెర వేసి తెచ్చి పారబోసిన ఉన్ని. కొంత కాల్చారు, కొంత నీళ్లల్లోకి జారి కుళ్లి కంపు కొడుతోంది, బీరు సీసాలూ డైపర్లూ దానిలోనే పడి ఉన్నాయి. పేటలో ఏసీ గదిలో ఉన్ని పేరు అమ్ముతున్నారు, ఇక్కడ ఉన్ని చెత్తలో పడి ఉంది. నాకు చెప్పలేనంత ఏవగింపు కలిగింది, ఎవరి మీదో కూడా తెలియలేదు. పైపొర కాలితో తోసి, లోపలికి చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీశాను. పొడిగా ఉంది, వీపు ఉన్ని. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండ, గడ్డి, జీవం చెమట, అంతే. పెద్దమ్మ చూసి ఉంటే పిల్లల కంబళ్లకు తీసి పక్కన పెట్టేది.

తలెత్తేసరికి కట్ట మీద కాపరి నిలబడి నన్నే చూస్తున్నాడు. వెనక కొన్ని నల్ల జీవాలు, అప్పుడే కత్తెర వేసిన ఒళ్లతో ఉన్నాయి. ఉన్ని అతనిదే. నా చెయ్యి గబుక్కున కిందికి దిగిపోయింది. తెలిసిన మందో తెలియని మందో, కాపరి ఎదురుగా అతని ఉన్నికి ముక్కు పెట్టాను, ఇక నాలుగు మాటలు పడాల్సిందే. క్షమించు నాయనా, పెద్దదాన్ని, చూసుకోలేదు అని చెప్పడానికి నోరు తెరిచాను.

‘కావాలా తల్లీ?’ అన్నాడు అతను. ‘మొత్తం తీసకపో. కొనేటోడు లేడు, పారబోస్తే కాలవోళ్లు తిడతన్నారు. నాకు మోసే బాధ తప్పుద్ది.’

ఒక మనిషి రోషానికి విలువిచ్చి మా పెద్దమ్మ ఆ రోజు వంగిన నడుము ఎత్తేసింది, దానికి తన పేరు, తన పని, తన చేతుల మెత్తదనం అన్నీ పోగొట్టుకుంది. నేనేమో యజమాని కళ్ల ముందే వాసన చూశాను. ఉన్ని పోయినందుకు కాదు నా దిగులు, షెడ్లు పోతాయి, పనులు మారతాయి, మెత్తటివి కప్పుకుంటే కప్పుకోనీ. తన ఉన్నిని అనుమానిస్తే కాపరికి తన్నుకొచ్చే రోషం ఒకటుండేది, అది నకిలీగా తెచ్చుకున్నవాడికి కూడా అలాంటిదొకటి ఉందని తెలుసు, ఇప్పుడు అదీ పోయింది. పట్టినంత ఉన్ని కొంగులో వేసుకుని, ఇంకో పిడికెడు తీసి, అతనికి బాగా కనబడేట్టు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమన్నా అంటాడేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను. అతను జీవాల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.